తగ్గి రండి

మార్చి 3, ఆదివారం

దారాల కంపెనీ వాళ్ళు మా షాపుకి ఊరికే ఇచ్చిన డైరీ ఇది. జనవరి, ఫిబ్రవరి తెల్లగా పోయాయి. ఇవాళ రాయకపోతే ఎవరినైనా కొట్టేస్తానేమోనని మొదలుపెట్టాను.

పొద్దున్నే వదిన దిగింది. ఈయన అక్క. చేతిలో సంచి, సంచిలో డబ్బా, డబ్బాలో పొడి. మొన్నటిదాకా ఇన్సూరెన్సు అమ్మేది, అంతకుముందు గిన్నెలు. ఇప్పుడు సన్నబడే పొడి. ఆవిడ మాత్రం సన్నబడలేదు. అదేంటి వదినా అంటే "నాది ఎముకల బరువమ్మా" అంటుంది. నాది కొవ్వట. ఎముకలు ఆవిడకొక్కదానికే ఇచ్చాడు దేవుడు.

"నెలనెలా వస్తోందా?" అంది, ఈయన ఎదురుగానే. ఈయన టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి జారుకున్నాడు. లిఫ్టుల్లో ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి లాగడం ఈయన ఉద్యోగం. ఇంట్లో మాత్రం ముందు తను బయటపడతాడు.

"వస్తోంది" అన్నాను. నాలుగు నెలలైంది రాక.

"నా దగ్గరా అబద్ధం? ఆ ఒళ్ళు కాస్త తగ్గిందంటే అన్నీ వాటంతటవే వస్తాయి. నెలసరీ వస్తుంది, పిల్లలూ వస్తారు."

తర్వాతి బస్సులో వస్తారన్నట్టు చెప్పింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా.

ఒక సంగతి రాసి పెట్టుకోవాలి. మాకు పిల్లలు అక్కర్లేదు. ఎప్పుడో అనుకున్నాం. ఈయన కూడా అదే మాట. వదినకీ అదే చెప్పాం, ఆవిడ వింటేనా! ముప్ఫై అయిదేళ్ళొచ్చాయి, హాయిగా ఉన్నాను. నెలసరి రాకపోతే ఇంకా హాయి.

పొడి డబ్బా తీసుకున్నాను. తీసుకోకపోతే మధ్యాహ్నం భోజనానికి కూడా ఉండేది.

మార్చి 6

పొడి నీళ్ళలో కలుపుకుని తాగాను. గోడకున్న సున్నం నాకినా ఇంతకంటే రుచిగా ఉండేది.

మార్చి 10, ఆదివారం

నేనేమీ పట్టించుకోకుండా కూర్చోలేదు. పోయినేడాది డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పెద్ద ఆసుపత్రి, మెత్తటి కుర్చీలు. పేరు పిలిచేసరికి మిట్టమధ్యాహ్నమైంది. లోపలికెళ్ళి కూర్చోకముందే ఆయన కళ్ళు నన్ను పైనుంచి కిందికి ఒకసారి ఊడ్చేశాయి.

"నెలసరి సరిగ్గా రావట్లేదండీ, ఒక్కోసారి మూడేసి నెలలు..." అంటున్నాను.

"పదిహేను కిలోలు తగ్గి రండి" అన్నాడు.

అంతే. చెయ్యి పట్టి చూడలేదు, ఇంకో ప్రశ్న అడగలేదు. చీటీ మీద కూడా అదే రాసిచ్చాడు, అదేదో మందు పేరైనట్టు. మందుల షాపువాడికిస్తే ఏమిచ్చేవాడో!

పెళ్ళికి ముందు నుంచీ నేను కటింగ్ బల్ల దగ్గరే ఉన్నాను. నర్సులకి, సెక్యూరిటీ వాళ్ళకి, హోటల్లో వడ్డించేవాళ్ళకి యూనిఫాంలు కోస్తాను. మనిషి గుమ్మంలోకి రాగానే నడుమెంతో భుజమెంతో నా కంటికి తెలిసిపోతుంది. అయినా టేపు పెట్టకుండా కత్తెర పట్టను. పడితే మా ఓనరు ఊరుకోడు. మరి ఆ మహానుభావుడికి ఓనరంటూ ఎవరూ లేరనుకుంటా.

సరేలే, తగ్గాకే వెళ్దామనుకున్నాను. తగ్గకుండా వెళితే మళ్ళీ అదే మాట వినాలి, మళ్ళీ ఆ చూపు. చుట్టాలొస్తుంటే ఇల్లు ఊడ్చుకోమూ? ఇదీ అంతే. ముందు ఒళ్ళు తగ్గాలి, తర్వాత జబ్బు చూపించుకోవాలి. ఏడాదైంది. ఇంకా ఊడుస్తూనే ఉన్నాను.

మార్చి 11

ఇవాళ్టి నుంచి రాత్రి భోజనం బంద్.

మార్చి 12

బంద్ ఎత్తేశాం.

మార్చి 19, మంగళవారం

తలనొప్పి బిళ్ళల కోసం మందుల షాపుకెళ్ళి, పక్కనే కనిపించిందని గర్భం టెస్టు కిట్టు కూడా కొన్నాను. ఊరికే. ఎందుకైనా మంచిదని.

ఒకటే గీత.

మంచిదే కదా. అక్కర్లేదని ముందే రాశాను. రెండో గీత రావడానికి ఇంకాస్త టైం పడుతుందేమోనని పట్టుకుని కూర్చున్నాను, అంతే. ఈయన వచ్చి బాత్రూం తలుపు కొట్టాడు. "కడుపు బాలేదు" అని చెప్పాను.

కిట్టుని నాలుగు కాగితాల్లో చుట్టి వీధి చివర చెత్తడబ్బాలో పడేసి వచ్చాను. హత్య చేసినవాళ్ళు కూడా ఇంత జాగ్రత్త పడరు.

మార్చి 30

ఇవాళ గుండీలక్క నా పరువు తీసింది. ఆవిడ మా షాపులో ఖాజాలు తీసి గుండీలు కుడుతుంది. నాకంటే పదేళ్ళు పెద్దది, నోరు ఇరవయ్యేళ్ళు పెద్దది. నా కమీజు చంక దగ్గర కుట్టు ఊడింది. "ఇటు రా, రెండు పోట్లు వేస్తా" అని లోపలికి తిప్పి చూసింది. చూసి ఊరుకుంటేనా!

"ఏమే, పోయినేడాది కుట్టుకున్నదాన్ని ఎన్నిసార్లు విప్పావే? లోపల వదిలిన గుడ్డ అంతా అయిపోయింది, ఇక్కడేమో వేరే పట్టీ అతికించావు, ఇదిగో ఇంకో పట్టీ!"

నిజమే. కాస్త బిగుతైతే పక్క కుట్లు విప్పి వదులు చేసుకుంటాను. టీ తాగేంతసేపు పని. గుడ్డ చాలకపోతే పట్టీ వేస్తాను. ఎలాస్టిక్కయితే మార్చేస్తాను. షాపులో బట్టలు కొనుక్కునేవాళ్ళకి బొత్తాం పట్టకపోతే తెలుస్తుంది, సైజు మారితే తెలుస్తుంది. నా బట్టలు ఎప్పుడూ నాకు సరిపోయాయి. అందుకని నేను పెద్దగా లావెక్కలేదనే అనుకున్నాను. ఊళ్ళో అందరికీ కొలతలు తీసే దానికి తన కొలత తెలీదు! ఎవరైనా వింటే నవ్విపోతారు. గుండీలక్క నవ్వింది కూడా.

తర్వాత నవ్వాపేసి, "ఏడాదిలో ఇంతలా పెరిగితే లోపల ఏదో ఉండే ఉంటుంది. చూపించుకోవే" అంది.

"ముందు తగ్గనీ అక్కా."

"తగ్గి వెళ్ళడానికి అదేమన్నా ఫొటో స్టూడియోనా?"

వంద గుండీల పని మిగిలిపోయిందని గుర్తు చేసి ఆవిడని అటు పంపించాను.

ఏప్రిల్ 8

వచ్చింది. ఐదు నెలల తర్వాత, అద్దె బకాయి పడ్డవాడు నవ్వుతూ వచ్చినట్టు వచ్చింది.

ఏప్రిల్ 14, ఆదివారం

వదిన ఫోన్ చేసింది. చెప్పక తప్పలేదు. "చూశావా మా పొడి పవరు!" అని ఎగిరి గంతేసింది. ఫోన్లోనే వినపడింది ఆ గంతు. ఎముకల బరువు కదా.

ఏప్రిల్ 22

ఆగట్లేదు. రెండు వారాలు దాటింది. గడ్డలు గడ్డలుగా పడుతోంది. అర్ధగంటకోసారి బాత్రూంకి పరిగెడుతుంటే ఓనరు గడియారం వంక చూస్తున్నాడు. సెక్యూరిటీ వాళ్ళ ప్యాంట్లకి తెచ్చిన నల్లగుడ్డ ముక్కలు నా స్టూలు మీద దొంతరగా వేసుకుని కూర్చుంటున్నాను. మెత్తగా ఉంటుందని చెప్పాను అందరికీ.

ఏప్రిల్ 25

వదిన వచ్చింది. ఇంకా ఆగలేదంటే, "అది రక్తం కాదమ్మా, ఒంట్లో విషం. పొడి బయటికి తోసేస్తోంది. రోజుకి మూడు స్పూన్లు చెయ్యి" అంది.

నా ఒంట్లో అంత విషమే ఉంటే ఈవిడ ఇన్నాళ్ళు బతికి ఉండేదా?

ఈయన ఈసారి బాల్కనీలోకి పోలేదు. "అక్కా, ఇక చాలు" అన్నాడు. వదిన మొహం మాడ్చుకుని వెళ్ళింది. నేను ఈయన్ని చూసి ఆశ్చర్యపోయాను. ఈయన లోపలికెళ్ళి పక్కమీద దుప్పటి మార్చి, పాతది బకెట్లో నానబెట్టాడు. మరక చూశాడన్నమాట.

మే 2

ఇవాళ నడుము వంచి గుడ్డ పొరలు సర్దుతుంటే బల్ల పైకి లేచింది. బల్ల లేవదని నాకు తెలుసు. కిందపడ్డాను. కళ్ళు తెరిచేసరికి నా తల గుండీలక్క ఒళ్ళో ఉంది. చుట్టూ నలుగురు. స్టూలు మీద నల్లగుడ్డలన్నీ తడిసిపోయి ఉన్నాయి. ఎంత నల్లటి గుడ్డయినా తడి దాచలేకపోయింది.

"మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడిందే! పద ఆసుపత్రికి."

"ఇంకా తగ్గలేదక్కా" అన్నాను. నిజంగా అన్నాను. నెత్తురోడుతూ కింద పడి ఆ మాట అన్నాను. నా అంత వెర్రిబాగుల్ది ఇంకొకత్తి ఉండదు.

"తగ్గావే, రక్తం తగ్గావు. పద" అంది.

మే 3

కొత్త డాక్టరమ్మ. చిన్న క్లినిక్కు, బయట చెక్క బెంచీలు. నేను గుమ్మంలోకి రాగానే చూపు పైనుంచి కిందికి పోతుందని ఎదురుచూశాను. ఆవిడ నా కనురెప్ప కిందికి లాగి చూసింది. తర్వాత ప్రశ్నలు. ఎప్పటినుంచి, ఎలా వచ్చేది, మీ అమ్మకెలా ఉండేది, గడ్డం మీద వెంట్రుకలొస్తున్నాయా. వస్తున్నాయి. పీక్కుంటాను. ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ సగానికి పైగా పడిపోయిందని తేలింది. స్కానింగులో గర్భసంచి లోపలి పొర ఉండాల్సిన దానికంటే చాలా మందంగా ఉందట.

"నెలలు నెలలు రాకపోతే హాయే అనుకున్నానండీ" అన్నాను.

"అదే అసలు సమస్యమ్మా" అంది. కొవ్వు ఊరికే కూర్చోదట, అది కూడా ఒక హార్మోను తయారు చేస్తుందట. దాంతో లోపలి పొర పెరుగుతూ ఉంటుంది. నెలనెలా అండం విడుదలైతే ఇంకో హార్మోను వచ్చి ఆ పెరుగుదలని ఆపుతుంది, పొర ఊడి బయటికి పోతుంది. నాకు అండమే విడుదల కావట్లేదు. అందుకని పొర మీద పొర, మేం కటింగ్ బల్ల మీద గుడ్డ పరిచినట్టు. ఎప్పుడో మోయలేక ఇలా కారిపోతుంది.

"అయితే అంతా నా ఒళ్ళే చేసిందా?" అన్నాను, కాస్త గట్టిగానే.

"బరువు నెలసరిని చెడగొడుతుంది. ఆ హార్మోన్ల తేడా మళ్ళీ బరువు పెంచుతుంది. ఏది ముందో మీ విషయంలో నేను చెప్పలేను. తగ్గితే మేలే, కొద్దిగా తగ్గినా మేలే. కానీ అది మీరొక్కరే చేసుకోవాల్సిన పని కాదు. తగ్గేదాకా నేను చూడకుండా కూర్చునే పని అసలే కాదు."

అంటే ఆ పదిహేను కిలోల మహానుభావుడు చెప్పింది అబద్ధం కాదు. దానికే నాకు ఇంకా ఒళ్ళు మండింది. అబద్ధమైతే హాయిగా తిట్టుకునేదాన్ని. నిజాన్ని కూడా మొహాన కొట్టి తలుపేసుకోవచ్చని ఆయన్ని చూసి నేర్చుకున్నాను.

రక్తం ఆగడానికి బిళ్ళలిచ్చింది. లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపాలట. ఈ వారంలోనే రమ్మంది.

"దేనికండీ పరీక్ష?"

"అందులో చెడ్డ కణాలున్నాయేమో చూడాలి" అంది.

మే 9

షాపులో నర్సుల యూనిఫాంల ఆర్డరు. వెళ్ళడం కుదరలేదు.

మే 14

ఆర్డరు.

మే 17

రక్తం ఆగింది. ఆగాక ఇంకెందుకు పరీక్ష? ఈ డాక్టర్లకి పనీపాటా లేదు. ముక్క తీస్తారట, ముక్క! నేనేమైనా గుడ్డనా?

మే 18

ఆర్డరు నిన్నే అయిపోయింది. రాశానా ఆ సంగతి? రాయలేదు.

మే 20, సోమవారం

వెళ్ళొచ్చాను. ఈయన సెలవు పెట్టి తీసుకెళ్ళాడు. ఎలా తెలిసిందో, గుండీలక్క చెప్పి ఉంటుంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు గానీ, ఈ కాకి కనీసం పుండుందని నలుగురికీ చెప్పింది.

నొప్పి గురించి రాయను. చేసేటప్పుడు డాక్టరమ్మ "అయిపోయింది, అయిపోయింది" అంటూనే ఉంది. అయిపోలేదు.

వారం ఆగాలి.

మే 24

సరే, ఎవరూ చూడరు కాబట్టి రాస్తాను. చెడ్డదే అయితే గర్భసంచి తీసేస్తారు. అది నాకు తెలుసు. తీసేస్తే ఏం పోయింది? వాడుకోని గదికి తాళమేస్తే ఎంత, కూల్చేస్తే ఎంత?

ఇవాళ షాపుకి ఒకావిడ వచ్చింది, నిండు గర్భిణి, పెద్ద హోటల్లో పని. కానుపయ్యి తిరిగొచ్చాక వేసుకోవడానికి యూనిఫాం కావాలట. "నడుము ఎంత పెట్టమంటారు?" అని అడుగుతోంది నన్ను. ఎంత పెట్టాలో నాకు తెలుసు, ఇలాంటివి ఎన్నో కోశాను. టేపు చుట్టూ తిప్పుతుంటే లోపలి నుంచి తన్నింది. నా చేతికి తగిలింది. "అబ్బో, రౌడీ!" అని నవ్వింది ఆవిడ. నేనూ నవ్వాను. నవ్వి, బాత్రూంలోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. బిళ్ళల వల్లే. ఆ హార్మోను బిళ్ళలకి ఏడుపొస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది.

చెప్పలేదు.

మే 28, మంగళవారం

రిపోర్టు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

క్యాన్సరు కాదు. కానీ కణాలు సరిగ్గా లేవు. ఇలాగే వదిలేస్తే క్యాన్సరుగా మారే రకం. "ఇంకో ఏడాది ఆగి వచ్చి ఉంటే నేను వేరే మాట చెప్పాల్సి వచ్చేదేమో" అంది డాక్టరమ్మ. నా ఏడాదంతా దేనికి పోయిందో ఆవిడకి చెప్పలేదు.

రెండు దారులట. ఒకటి, గర్భసంచి తీసేయడం. అది గట్టి దారి, భయం పోతుంది. రెండోది, లోపల హార్మోను వదిలే చిన్న సాధనం పెట్టి, కొన్ని నెలలకోసారి మళ్ళీ ముక్క తీసి చూస్తూ ఉండడం. బరువు తగ్గడానికి కూడా వాళ్ళే దగ్గరుండి చూస్తారట. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. పొర మామూలుదైతే ఆ తర్వాత గర్భం కోసం ప్రయత్నించవచ్చు. రావచ్చు, రాకపోవచ్చు. కాకపోతే ఈలోపు ముదిరిందంటే తీసేయక తప్పదు.

"ఏ దారి అనేది ఒక్కదాని మీద ఉంటుంది" అని నా వంక చూసింది. "మీకు పిల్లలు కావాలా?"

ఇన్నేళ్ళలో ఎంతమంది ఎన్ని మాటలన్నారో! పిల్లలు లేరా, ఎప్పుడు, ఎవరిలో లోపం, తగ్గితే వస్తారు. కావాలా అని ఒక్కళ్ళు అడగలేదు. జవాబు నా దగ్గర తయారుగానే ఉంది. ఈ డైరీలోనే ఎన్నిసార్లు రాశానో. నోరు తెరిచాను.

"కావాలి" అన్నాను.

పక్కన కుర్చీ కదిలిన చప్పుడైంది. నేను ఈయన వంక చూడలేదు. డాక్టరమ్మ బల్ల మీద పేపర్ వెయిట్ వంక చూస్తూ, "కావాలండీ. చాలా ఏళ్ళ నుంచి కావాలి" అన్నాను. ఏ తిట్టూ తోడు రాలేదు.

బయటికొచ్చాక బెంచీ మీద కూర్చున్నాం. ఈయన రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"నీకు వద్దనుకున్నా" అన్నాడు చివరికి.

"మీరేగా మనిద్దరం చాలు అన్నారు?"

"మా అక్క అడిగినప్పుడల్లా నువ్వు ఎలా అయిపోయేదానివో చూశా. నాకు కావాలంటే నువ్వు ఇంకా బాధపడతావని అలా అన్నా. నువ్వేమో హమ్మయ్య అన్నావు."

"అనక ఏం చెయ్యమంటారు? మీకు వద్దన్నాక కావాలని ఏడవమంటారా?"

"కావాలి" అన్నాడు. మీసాల పెద్దమనిషి, నలుగురూ వచ్చేపోయే వరండాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఊరుకోండి, అందరూ చూస్తున్నారని తిట్టాను. కర్చీఫు నాదే ఇచ్చాను.

ఒకే మంచం మీద పడుకుని ఇన్నేళ్ళు ఒకరినొకరు మోసం చేసుకున్నాం, అదీ ప్రేమతో. దొంగలు కూడా ఇంతకంటే నిజాయితీగా బతుకుతారు.

జూన్ 6

సాధనం పెట్టారు. కడుపులో పిండేస్తోంది. మళ్ళీ పరీక్ష సెప్టెంబరులో. రోజూ సాయంత్రం నడవమన్నారు. ఈయన కూడా వస్తున్నాడు. నాకంటే ముందు ఆయాసపడేది ఈయనే.

జూన్ 9, ఆదివారం

వదిన ఫోన్ చేసింది. అలక తీరినట్టుంది. "నడుస్తున్నారట ఇద్దరూ? మంచిదేలే. మా వాళ్ళు కొత్త పొడి తెచ్చారు, నడుముకి ప్రత్యేకం..." అని మొదలుపెట్టింది.

ఎప్పటిలా ఏదో ఒక మాట అని పెట్టేద్దామనుకున్నాను. నాలుక చివర దాకా వచ్చింది కూడా, మంచి మాట, వారం రోజులు కుమిలిపోయేంత మాట. ఎందుకో అది అనబుద్ధి కాలేదు.

"వదినా, ఆసుపత్రిలో చూపించుకుంటున్నాను. పిల్లల కోసం" అన్నాను.

అన్నాక భయమేసింది. సెప్టెంబరులో బాగా లేకపోతే తీసేస్తారు. బాగున్నా పిల్లలు పుట్టకపోవచ్చు. అప్పుడు ఊరందరికీ తెలుస్తుంది, కావాలనుకుంది, దొరకలేదు అని. ఈవిడే అందరికీ చెప్తుంది. అక్కర్లేదు అన్నదాన్ని చూసి ఎవరూ జాలిపడరు.

"పిల్లలా?" అంది వదిన, మెల్లగా. "మీకు వద్దుగా? కావాలా నీకు?"

"కావాలి" అన్నాను. సరిగ్గా వినపడలేదేమోనని ఇంకోసారి చెప్పాను.